వెండి నెలవంక

యుద్ధం రోజుల్లో నేను క్షయ ఆసుపత్రిలో ఉండినాను. నా పక్క మంచం మీద ఐరాల ఊరి కంసలాయన భార్య ఉండేది. ఆయన ప్రతి ఆదివారం వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూర్చునేవాడు.

ఒకసారి దొరసాని డాక్టరు ఆయనకు పుస్తకంలో ఒక బొమ్మ చూపించింది. పూర్వం మెక్సికో దేశంవాళ్ళు చెక్కిన చంద్రుడంట. గిన్నెలాంటి నెలవంకలో ఒక కుందేలు కూర్చునుండాది.

"వాళ్ళకూ మన కుందేలే కనబడిందే!" అని మురిసిపోయినాడు. మరుసటి వారమే దాన్ని వెండితో చేసి, నల్లదారానికి గుచ్చి తెచ్చి ఆమె మెడలో కట్టినాడు.

"చందమామకూ క్షయే గదే వచ్చింది. మళ్ళా నిండలేదా?"

"ఆయప్పకు శివుడుండినాడు మామా," అనిందామె. కాసేపటికి, "బరువుగా ఉండాది, తీసెయ్," అనింది.

ఆయన దాన్ని ఎత్తుకొనిపోయి, ఆకురాయితో అరగదీసి తెచ్చినాడు. అదీ బరువే అనింది. మళ్ళా అరగదీసినాడు. ఆమె అంతకంటే తొందరగా చిక్కిపోతా ఉండింది. కడాకు కుందేలు చెవులు కూడా చెరిగిపోయి, ఆ వెండి తమలపాకంత పల్చనైంది.

"ఇప్పుడెట్లుండాది?" అని అడిగినాడు.

ఆమె దాన్ని పక్కకు తొయ్యాలని చెయ్యెత్తబోయింది, చేతకాలేదు.

ఆయన ఆ నెలవంకను రెండు వేళ్ళతో పట్టుకుని, ఆమె రొమ్ముకు తగలకుండా పైకెత్తి కూర్చున్నాడు. ఆమె ఊపిరి ఆగిపోయిందని పక్క మంచం మీది నాకు తెలిసింది. నర్సు వచ్చి దుప్పటి కప్పేదాకా ఆయన చెయ్యి దించలేదు.