పెద్దనాయన ఆవిరి పడవ

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇత్తడి తోమడంలో నన్ను మించినవాళ్ళు లేరు. ఇది నేను చెప్పుకునే గొప్ప కాదు, రాయకోటలో మా వీధి వీధంతా ఒప్పుకున్న సంగతి. చింతపండు నానబెట్టి, ఇటుక ముక్క దంచి జల్లించి, కొబ్బరి పీచు చేతబట్టానంటే ఎంత నల్లబడిన దీపపు కుందైనా తళతళలాడాల్సిందే. పండుగ వస్తే పక్కింటివాళ్ళు కూడా తమ చెంబులు తెచ్చి నా ముందు పెట్టేవాళ్ళు. తొమ్మిదేళ్ళ పిల్లకు అంత పేరు వస్తే తల నిలుస్తుందా? నాకూ నిలవలేదు. ఆ పేరే నా చేత ఒక పని చేయించింది. ఆ సంగతి నేను ఇంతవరకు ఒక్క మనిషికే చెప్పుకున్నాను. ఆ మనిషి ఇప్పుడు లేడు.

మాది కొలిమి పని కుటుంబం. మా నాయన ఊళ్ళోనే నాగళ్ళకు కర్రులు సరిచేసేవాడు. ఆయన అన్న, అంటే మా పెద్దనాయన, లేతు పని నేర్చుకుని రోజూ రైల్లో హోసూరు వెళ్ళి ఒక వర్క్‌షాపులో పనిచేసి వచ్చేవాడు. రెండు కుటుంబాలూ ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. పెద్దనాయనకు ఒక్కతే కూతురు, నాకంటే నాలుగేళ్ళు పెద్దది. అక్కకు పుట్టుకతోనే గుండెలో రంధ్రం. పెరట్లోకి నడిచి వచ్చినా పెదవులు నీలం తిరిగేవి. బడికి పోయింది తక్కువ, మంచం మీద కూర్చుని చదివింది ఎక్కువ. ఒంట్లో లేని బలమంతా నోట్లో ఉండేది. ఇంట్లో ఎవరు ఏ మాట అన్నా, అది నిజమో కాదో తేలేదాకా వదిలేది కాదు.

ఒకనాడు పాఠ పుస్తకంలో పొగ ఓడ బొమ్మ చూసింది. తెడ్డు వేసేవాడు లేకుండా, తెరచాప లేకుండా అంత ఓడ ఎలా కదులుతుందని వాళ్ళ నాయనను అడిగింది. ఆయన నీళ్ళు కాగడం, ఆవిరి తోయడం, చక్రం తిరగడం అన్నీ ఓపికగా చెప్పాడు. అక్క అంతా విని, కళ్ళతో చూస్తే గాని నమ్మనంది. అంతే, ఆ మాట ఆయన తలకెక్కింది.

ఇప్పుడు ఇలాంటి బుల్లి ఆవిరి ఇంజన్లు ఫోనులో వెతికితే ఇంటికే వస్తాయట. మా మనవడు చూపించాడు. అప్పుడు ఎక్కడున్నాయి? పెద్దనాయన ఆదివారం ఆదివారం బెంగళూరు పోయి, పాత ఇనుప సామాన్ల అంగళ్ళన్నీ తిరిగేవాడు. ఎన్నో వారాలకు ఒక కుప్ప అడుగున, దొరల కాలంలో ఏ బిడ్డో ఆడుకుని పారేసిన పడవ ఇంజను ఒకటి దొరికింది. దొరికిందంటే సగమే. నీళ్ళు కాగే రాగి బాయిలరు సొట్టలు పడి ఉంది, కాఫీ లోటా కంటే పెద్దది కాదు. చక్రం లేదు, సిలిండరు లేదు. చక్రం కోసం మళ్ళీ రెండు నెలలు తిరిగి, విరిగిన కుట్టు మిషన్ల మధ్య ఒక చిన్నది పట్టుకున్నాడు. సిలిండరు ఎక్కడా దొరకలేదు. ఒక పాత ఇత్తడి కొళాయిని లేతు మీద కోసి తనే చేశాడు. స్ప్రింగు టార్చిలైటుది. పడవను నూనె డబ్బా రేకుతో చేశాడు. ఒక్కో సామాను దొరికినప్పుడల్లా ముందు అక్క మంచం దగ్గరకు తెచ్చేవాడు. అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇది ఎందుకు, అది ఎందుకు అని ప్రాణం తీసేది. ఆయనకు అదే కావాలి.

ఆ ఇంజనులో ఒక సంగతి చెప్పాలి. అందులో సిలిండరు ఒక పలకకు ఆనుకుని ఉయ్యాలలా అటూ ఇటూ ఊగుతుంది. ఊగినప్పుడల్లా పలకలోని రంధ్రం తెరుచుకుని ఆవిరి లోపలికి పోతుంది. ఆ పలకకూ సిలిండరుకూ మధ్య రబ్బరు గాని తోలు గాని ఉండదు. రెండు ముఖాలూ నునుపుగా ఒకదానికొకటి అతుక్కుని ఉంటేనే ఆవిరి బయటికి పోకుండా ఉంటుంది. పెద్దనాయన ఆ రెండింటినీ అద్దం ముక్క మీద రాపిడికి వాడే సన్నటి పేస్టు వేసి వారాల తరబడి అరగదీశాడు. నాకు అప్పుడు ఇదేమీ తెలియదు. ఆయన చేతిలో ఎప్పుడూ ఏదో ఒక ఇత్తడి ముక్క ఉంటుందని మాత్రం తెలుసు.

దసరాకు వారం ముందు మద్రాసు పెద్దాసుపత్రి నుంచి ఉత్తరం వచ్చింది, పండుగ కాగానే అక్కను ఆపరేషనుకు తీసుకురమ్మని. ఆ వారంలోనే ఒక సాయంత్రం పెద్దనాయన రైలు దిగి నవ్వుకుంటూ ఇంటికొచ్చాడు. వర్క్‌షాపులో ఇంజను తిరిగిందని అక్కకు చెప్పాడు. ఆయుధ పూజ నాడు పెరట్లో గొడ్లు నీళ్ళు తాగే తొట్టిలో పడవ వదులుదామన్నాడు. అక్క రోజూ ఎన్ని సార్లు అడిగేదో, నిజంగా తిరిగిందా నాయనా అని. ఆయన రోజూ నిజంగా తిరిగిందమ్మా అనేవాడు. మా పెద్దమ్మకు శకునాల పిచ్చి. ఈ పడవ నీళ్ళ మీద పోయిందంటే తన బిడ్డ గుండె కూడా బాగయినట్టేనని అందరితో అంది. ఆ మాట మీదే మొక్కు కూడా మొక్కుకుంది.

ఆయుధ పూజ పొద్దున ఇంట్లో సుత్తులు, పట్టకార్లు, ఆకురాళ్ళు అన్నీ కడిగి వరసగా పెట్టారు. ఆ వరసలోనే పెద్దనాయన గుడ్డ విప్పి ఇంజనును పెట్టి, పూలు తేవడానికి బజారుకు పోయాడు. నేను కుందులన్నీ తోమి ముగించి చూశాను. నా కుందులు బంగారంలా మెరుస్తుంటే, ఆ పక్కన ఇంజను నూనె జిడ్డుతో నల్లగా ఉంది. అక్క కోసం ఇన్ని నెలలు చేసిన వస్తువు పండుగ నాడు ఇలా ఉండడమా అని నాకు ప్రాణం ఒప్పలేదు. చింతపండు గుజ్జు, ఇటుక పొడి, పీచు తీసుకుని మొదలుపెట్టాను. పైపైన తోమి వదిలేస్తే నాకు పేరెందుకు? స్ప్రింగు మీద ఉన్న సిలిండరును వేలితో వెనక్కి లాగి, ఆ సందులో పీచు దూర్చి మరీ రుద్దాను. నీళ్ళతో కడిగి, పావడతో తుడిచి, ఉన్నచోటే పెట్టాను.

పెద్దనాయన వచ్చి దాన్ని చూసి ఒక్క క్షణం ఆగిపోయాడు. నేను మెచ్చుకోలు కోసం ఎదురుగా నిలబడ్డాను. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "బాగా తోమినావమ్మా," అన్నాడు. తర్వాత పూజకు కూర్చోకుండా ఒక చుక్క నూనె తెచ్చి, ఆ సందులో గుడ్డ పేలికతో తుడుస్తూనే ఉన్నాడు. పండుగకు ఇంకా మెరుగు పెడుతున్నాడనుకున్నాను.

పూజ అయింది. అక్కను కుర్చీలో కూర్చోబెట్టి తొట్టి దగ్గరకు మోసుకొచ్చారు. వీధిలో పిల్లలంతా వచ్చారు. పెద్దమ్మ పడవకు కుంకుమ పెట్టింది. బాయిలరు కింద స్పిరిటు దీపం వెలిగించారు. నీళ్ళు కాగాయి. ఆవిరి వచ్చింది గాని చక్రం వైపు పోలేదు. సిలిండరు సందులోంచి బుస్సుమని బయటికే పోయింది. పెద్దనాయన చక్రాన్ని వేలితో తోశాడు. అర చుట్టు తిరిగి నిలిచింది. మళ్ళీ తోశాడు. మళ్ళీ నిలిచింది. దీపం ఆర్పి, సిలిండరు ఊడదీసి, ఆ ముఖాన్ని ఎండకు పట్టి చూశాడు. గోటితో గీరి చూశాడు. తల ఎత్తి నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే నాకు అప్పుడే అర్థమయ్యేది.

అక్క కుర్చీలోంచే అరిచింది. "తిరిగిందంటివే నాయనా! దినామూ తిరిగింది, తిరిగింది అంటివే!"

ఆయన సిలిండరును తువ్వాల్లో చుట్టుకున్నాడు. "లేదమ్మా. తిరగలేదు. నువ్వు ఆశగా అడిగితే అబద్ధం చెప్పేసినాను."

అక్క ఆయన మొహం చూసింది. "అట్లయితే ఆపరేషను బాగయితాదని చెప్పేది గూడా అబద్ధమేనా?"

పెద్దనాయన వచ్చి కుర్చీ ముందు కింద కూర్చున్నాడు. అది నిజమమ్మా అన్నాడు, కాని అక్క అప్పటికే మొహం తిప్పుకుని లోపలికి తీసుకుపొమ్మంది. పెద్దమ్మ పడవ మీద పెట్టిన కుంకుమను కొంగుతో తుడిచేసి ఏడుస్తూ ఆమె వెనకే పోయింది. నాకు కూడా పెద్దనాయన మీద కోపం వచ్చింది. అక్కకు అబద్ధం చెప్పాడని.

నాలుగు రోజులకు అక్కను మద్రాసు తీసుకుపోయారు. పెద్దమ్మ, మా నాయన వెంట పోయారు. వర్క్‌షాపులో ఎక్కువ సెలవు ఇవ్వలేదని, ఆపరేషను నాటికి పెద్దనాయన వచ్చేటట్టు అనుకున్నారు. ఆ నాలుగు రోజులూ అక్క ఆయనతో మాట్లాడలేదు. బస్సులో కూర్చున్నాక నన్ను కిటికీ దగ్గరకు పిలిచి బుగ్గ గిల్లింది. పెద్దనాయన కిటికీ కమ్మి పట్టుకుని వచ్చేస్తానమ్మా, వచ్చేస్తానమ్మా అంటుంటే కళ్ళు మూసుకుని పెద్దమ్మ భుజం మీద వాలిపోయింది. బస్సు కదిలాక కూడా ఆయన కొంత దూరం కమ్మి వదలకుండా నడిచాడు.

ఆయన బయలుదేరాల్సిన రోజు పొద్దునే తంతి వచ్చింది. ఆపరేషను దాకా కూడా ఆగలేదు అక్క.

పెద్దమ్మ తిరిగి వచ్చిన తర్వాత ఆయనతో ఒక్కటే మాట అనేది. బిడ్డకు అబద్ధం చెప్పి, దాని నమ్మకం విరిచి పంపినావని. పొయ్యి దగ్గర అనేది, బంధువుల ముందు అనేది, అన్నం వడ్డిస్తూ అనేది. ఆయన తల వంచుకుని తినేవాడు. నేను పక్కన కూర్చుని నా అన్నం నేను తినేదాన్ని.

పదేళ్ళ తర్వాత హోసూరులో ఒక చిన్న కార్ఖానాలో నాకు పని దొరికింది. నునుపుగా అరగదీసిన పలకలను పరీక్ష చేసే పని. చేరిన వారంలోనే ఒక అమ్మాయి మురికి గుడ్డతో ఒక పలకను తుడిచింది. పెద్ద మేస్త్రీ దాన్ని వెలుగుకు పట్టి మా అందరికీ చూపించాడు. ఒక్క ఇసుక రేణువు చాలు, నెల పని మట్టి అవుతుందన్నాడు. ఆ గీతలు చూశాను. నా చేతిలో పీచు, ఇటుక పొడి, ఎండలో సిలిండరు పట్టుకున్న పెద్దనాయన, ఆ చూపు, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. ఆ పూట ఎలా గడిచిందో తెలియదు.

ఆదివారం రాయకోట పోయాను. ఆయన పెరట్లో ఒక్కడే కూర్చుని కత్తికి పిడి వేస్తున్నాడు. నేను ఇటుక పొడి అనగానే పిడి పక్కన పెట్టాడు. "తెలిసిపోయిందా," అన్నాడు.

నేను ఏడ్చాను. ఎందుకు చెప్పలేదని అడిగాను, అడగడం కాదు, పోట్లాడాను. ఆయన నేను ఆగేదాకా ఆగాడు.

"నువ్వు పసిబిడ్డవి. మీ పెద్దమ్మ ఆ పడవ మీదనే శకునం పెట్టుకొని ఉన్నింది. నీ చేతివల్ల నిలిచిందంటే బతికినన్నాళ్ళూ నిన్ను చూడనిస్తుందా? నా బిడ్డ నా మీద అలిగితే ఎన్ని దినాలు అలుగుతాది, మద్రాసులో నన్ను చూస్తే నవ్వేస్తాది అనుకొన్నాను." పక్కన పెట్టిన పిడిని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "ఇంగా దినాలు ఉండాయనుకొన్నానమ్మా."

నేను లేచి, ఇప్పుడే పెద్దమ్మతో చెప్పేస్తానన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. ఇన్నేళ్ళు తను మోసింది ఇప్పుడు నేను నెత్తికెత్తుకుంటే, తను మోసిందంతా ఎందుకని అడిగాడు. తను ఉన్నన్నాళ్ళూ, పెద్దమ్మ ఉన్నన్నాళ్ళూ చెప్పనని నా చేత మాట తీసుకున్నాడు. అప్పుడు నేను ఒక్కటే అడిగాను, నిజంగా తిరిగిందా పెద్దనాయనా అని.

ఆయన మొహం నేను పదేళ్ళుగా చూడని మొహం అయింది. "తిరిగిందమ్మా! మధ్యాన్నం అన్నం వేళ, వర్క్‌షాపు తొట్టిలో వదిలినాను. మూడు చుట్లు! టకటక, టకటక అని మూడు చుట్లు పోయింది." గాలిలో వేలితో మూడు చుట్లు చుట్టి చూపించాడు. ఆ మాట చెప్పుకోవడానికి పదేళ్ళుగా ఆయనకు ఒక్కరూ లేరు.

పెద్దనాయన ముందు పోయాడు. ఆయన దగ్గర కూర్చుని ఏడుస్తూ కూడా పెద్దమ్మ ఆ మాటే అంది, మంచి మనిషే గాని నా బిడ్డకు అబద్ధం చెప్పి పంపినాడని. నేను అక్కడే ఉన్నాను. నోరు మెదపలేదు. ఆ తర్వాత పెద్దమ్మ కూడా అలా అనుకునే పోయింది. నేను మాట నిలబెట్టుకోవడం ఆయనకు మేలు చేసిందో, ఆయన పేరును మట్టిలో కలిపిందో ఈ వయసులోనూ తేల్చుకోలేకపోతున్నాను. కార్ఖానాలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. చేతకాక పని చెడగొట్టిన పిల్లలు ఎందరో నా దగ్గరికి వచ్చారు. వాళ్ళ మీద గొంతు పెంచడం నా వల్ల కాలేదు. అందుకు నన్ను మెత్తటి మనిషి అన్నారు. నేను మెత్తటి మనిషిని కాను. ఒక పెద్దమనిషి తన బిడ్డ చివరి మాటలు నా కోసం పోగొట్టుకున్నాడని తెలిసినదాన్ని, అంతే.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు, నా మాట తీరిపోయింది. చెప్పాల్సినవాళ్ళు మాత్రం ఎవరూ మిగల్లేదు. అయినా ఆయుధ పూజ వచ్చిన ప్రతిసారీ, ఇంట్లో అందరూ హారతి కళ్ళకద్దుకుంటుంటే, నేను లోలోపల పదమూడేళ్ళ పిల్ల ఒకతెకు చెప్పుకుంటాను. పడవ తిరిగిందక్కా. మూడు చుట్లు తిరిగింది. మీ నాయన నీకు చెప్పింది నిజమే. చెడగొట్టింది నేను.