గింజలేని ద్రాక్షకు తొమ్మిది కణుపులు

ద్రాక్షతోట మళ్లీ వచ్చిందన్న కబురు నాకు మొదట తెచ్చింది యాదమ్మ. పటేల్‌గూడలో మా గల్లీకి వారానికి రెండుసార్లు ఆకుకూరల గంపతో వచ్చే ఆమె, నెలన్నర కనబడకుండా పోయి, మాఘమాసంలో ఒక ఉదయం ఖాళీ చేతులతో వచ్చి గేటు దగ్గర నిలబడింది. దేవుడి దగ్గర దీపం పెట్టి నేను అప్పుడే బయటికి వచ్చాను. దగ్గరికి రాగానే ఆమె కొంగు నుంచి ఒక వాసన తగిలింది. పులిసీ పులియని పండు వాసన, తడిసిన చెక్కపెట్టెల వాసన, చితికిన తొక్కల మీద ఎండ పడితే లేచే ఆ తీపి వగరు వాసన. దాన్ని పీల్చి నలభై అయిదేళ్లయింది. 

"గంప ఇడిసిపెట్టిన అక్కా. లక్డారం అవుతల కొత్తగ ద్రాక్షతోట పెట్టిండ్రు, ఆడనే వైను జేస్తరు. నేను రొట్టెల కాడ పనికి కుదిరిన. మేకలున్నయ్, బాతులున్నయ్, పిల్లలకు ఆటలున్నయ్. మనవరాలిని తీస్కొని రారాదు?"

"వైను జేసే కాడ నాకేం పని యాదమ్మా?"

"నిన్ను తాగుమంటున్ననా? సూడనీకి రమ్మంటున్న. సూస్తే ఎక్కుతదా ఏంది?" అని నవ్వింది.

నేనూ నవ్వాను కానీ ఆ రోజంతా పనిలో మనసు నిలవలేదు. యాదమ్మ, నా చిన్నప్పటి ద్రాక్షతోటలో పనిచేసిన ఎల్లయ్య తాత కూతురు. ఆ తాత విషయంలో నేను దాచిన నిజం ఒకటుంది. ఆయన బతికుండగా ఆయనకు చెప్పలేదు, ఆకుకూర తీసుకునే వంకతో ఇన్నేళ్లుగా చూస్తున్న ఆయన బిడ్డకూ చెప్పలేదు. మోసి మోసి అలసిపోయాను. ఈ తోటకు వెళ్తే చెప్పక తప్పదని తెలిసే వెళ్లాను.

భానూరు దారిలో అప్పట్లో ఒక పటేలుకు పెద్ద ద్రాక్షతోట ఉండేది. మా నాన్న అక్కడ మోటార్లు నడిపి, కూలీల హాజరు చూసే మేస్త్రీ. మా కాపురం ఆ తోటలోనే, పంపుషెడ్డు పక్కన రెండు గదుల రాతి ఇంట్లో. బడికి వెళ్లాలంటే లారీలు తిరిగే పెద్ద రోడ్డు దాటాలని నాన్న నన్ను పంపలేదు. పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని అమ్మే పలక మీద అక్షరాలు, చింతగింజలతో లెక్కలు నేర్పింది. పొద్దున స్నానం, దీపం, ఆ తర్వాత ఎక్కాలు. పన్నెండో ఎక్కం దాకా రానిదే తోటలోకి వదిలేది కాదు. పత్రికలకు రాసుకుని బతికే నాకు ఇప్పటికీ అన్నం పెట్టేది ఆ చదువే. అమ్మను తలుచుకోని పూజ లేదు నాకు.

ఆ తోటే నా ప్రపంచం. రాతి కడీల మీద తీగలు గుంజి కట్టిన పందిరి ఎంత దూరం చూసినా అంతే ఉండేది. ఎండాకాలం ఆ పందిరి కింద మట్టి చల్లగా, అరికాళ్లకు మెత్తగా తగిలేది. వానాకాలం మైలతుత్తం, సున్నం కలిపిన మందు కొట్టిన రోజున ఆకులు, కడీలు, కూలీల రుమాళ్లు, చివరికి మా నల్ల కుక్క వీపు కూడా నీలంగా మారిపోయేవి. బతుకమ్మ రోజుల్లో అమ్మ మలీద ముద్దలు, నువ్వుల సద్ది చేసి తోటలో పనిచేసే ప్రతి ఇంటికీ నా చేత పంపేది, ఆ ముద్దల్లో బెల్లం ఎక్కువైందనో తక్కువైందనో ప్రతి గుమ్మం దగ్గరా ఒక మాట మోసుకుని నేను తిరిగి వచ్చేదాన్ని. చలి ముదిరేసరికి పూత వచ్చేది. ద్రాక్షపూత కంటికి ఆనదు, కానీ తెల్లవారుజామున తలుపు తీస్తే దాని వాసన గుమ్మంలోనే నిలబడి ఉండేది. మాఘం, ఫాల్గుణం వస్తే పండ్ల కోత. రాలిన పండ్లు మా పిల్లలవి. గోడ నీడన అష్టాచెమ్మ ఆడుతూ వాటిని తిని, సాయంత్రానికి పెదవులు పగిలేవి.

ఈ తోటకంతటికీ ప్రాణం ఎల్లయ్య తాత కత్తెరలో ఉండేది. దసరా దాటాక తీగలన్నీ కత్తిరించాలి. ఆ కత్తిరింపులోనే ఏడాది పంట ఉంది. పెద్ద ద్రాక్షకు మొదటి నుంచి అయిదు కణుపులు ఉంచి పైది కోయాలి. గింజలేని ద్రాక్షకు తొమ్మిది ఉంచాలి, ఎందుకంటే దాని గెల మొదటి కణుపుల్లో పుట్టదు, దూరపు కణుపుల్లో పుడుతుంది. పొట్టిగా కోస్తే ఆకులు వస్తాయి, కాయ రాదు. తాత కత్తెరను పసుపునీళ్లతో కడిగి, కళ్లకద్దుకుని, "తల్లీ, జెర నొస్తది, ఓర్సుకో" అని తీగకు చెప్పి మొదటి కోత కోసేవాడు. తోటలోపల బీడీ ముట్టించేవాడు కాదు. ఆయన కోసిన కొమ్మ చివర ఏటవాలుగా, నున్నగా ఉండేది, వేలితో రాస్తే ఎక్కడా గీరుకునేది కాదు.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తున్న సంవత్సరం, కత్తిరింపుకు నాలుగు రోజుల ముందు, మందు కలిపేటప్పుడు సున్నపునీళ్లు చిమ్మి ఆయన కళ్లలో పడ్డాయి. ఎర్రబడి నీళ్లు కారేవి. పటేలుకు తెలిస్తే కత్తెర ఇంకొకరికి ఇస్తాడని, కండ్ల కలక వచ్చిందని అందరికీ చెప్పి, నన్ను పక్కకు పిలిచాడు.

"బిడ్డా, నీకు లెక్కలొస్తయ్ గద. కొమ్మ మీద కణుపులు లెక్కబెట్టి, ఆడ జెర సున్నం సుక్క పెట్టు. సుక్క తెల్లగ ఉంటది, నాకు కానొస్తది. పెద్ద ద్రాక్షకు అయిదు, గింజలేనిదానికి తొమ్మిది. యాదుంటదా?"

"ఉంటది తాతా."

ఖాళీ పండ్ల పెట్టె ఎక్కి, పందిరికి తల ఆనించి, ఒక్కో కొమ్మనూ వేలితో తడిమి లెక్కపెట్టి చుక్క పెట్టేదాన్ని. వెనకాలే ఆయన కత్తెర చప్పుడు. మూడు రోజులు ఒక్క తప్పు లేకుండా చేశాను. అంత పెద్ద మనిషి నా లెక్కను నమ్ముకున్నాడన్న గర్వం ఎంత ఉండేదో చెప్పలేను. నాలుగో రోజు మధ్యాహ్నం గింజలేని ద్రాక్ష రెండు సాళ్లు మిగిలాయి. అప్పుడే దొడ్డిలో మా మేక ఈనుతోందని వినబడింది. దాని అరుపు పందిరి దాకా వస్తోంది. చేతులు పైకెత్తి ఎత్తి భుజాలు గుంజుతున్నాయి, పెట్టె జరిపి జరిపి విసుగొచ్చింది. తొమ్మిది లెక్కపెట్టే బదులు అయిదుకే చుక్క పెడితే సగం పొద్దు మిగులుతుంది. ఆ రెండు సాళ్లకూ అయిదుకే పెట్టాను.

దిగి పరుగెత్తబోతుంటే ఆయన అడిగాడు. "బిడ్డా, మంచిగ లెక్కబెట్టినవా?"

"పెట్టిన తాతా" అన్నాను.

మేక రెండు పిల్లలు వేసింది. ఒకటి తెల్లది.

నెల తిరగకుండానే తోటంతా చిగుళ్లతో పాటు గెలల మొలకలు కనిపించాయి, ఆ రెండు సాళ్లలో తప్ప. అక్కడ ఆకు మాత్రం దట్టంగా, నిగనిగలాడుతూ వచ్చింది. పటేలు వచ్చి పందిరి కింద నిలబడి పైకి చూశాడు.

"ఏందిరా ఎల్లిగా, ఈసారి ఆకులు అమ్ముకుందామా?"

తాత తల వంచుకున్నాడు. "నా కండ్లు పోయినట్టున్నయ్ పటేలా."

"గుడ్డోని చేతికి కత్తెరిస్తే గిట్లనే అయితది. ఇగ చాలు."

నాన్న వెనకాల నిలబడి నేను అంతా విన్నాను.  ఆ సాయంత్రం తాతే నా దగ్గరికి వచ్చి తల నిమిరాడు. "నువ్వు మంచిగనే పెట్టినవ్ బిడ్డా. సుక్క నాకే సక్కగ కానరాలే. నువ్వు పరేషాన్ కాకు." నేను ఊఁ అన్నాను. అంతే. కత్తెర ఇంకొకరికి వెళ్లింది. తాతకు డబ్బా వాయించి పిట్టలను తోలే పని ఇచ్చారు. అప్పటి నుంచి కూలీల నోట ఆయన గుడ్డెల్లయ్య. ఆలస్యంగా పుట్టిన ఆయన ఒక్క బిడ్డ యాదమ్మ, అప్పటికి ఆరేళ్లది, గుడ్డెల్లయ్య బిడ్డ.

తర్వాత తోటే పోయింది. చుట్టూ ఫ్యాక్టరీలొచ్చి బోర్లలో నీళ్లు రంగు మారాయి, తీగలు ఎండాయి, పటేలు కొడుకులు భూమిని ముక్కలు చేసి అమ్మారు. మేం పటేల్‌గూడ వైపు వచ్చేశాం. నాకు పెళ్లయింది, పిల్లలు పుట్టారు. తాత పోయాడని చాలా నెలల తర్వాత తెలిసింది. ఆ రోజు రెండు దీపాలు పెట్టాను. దీపం పెట్టడం సులువు.

ఆదివారం మనవరాలిని తీసుకుని కొత్త తోటకు వెళ్లాను. చేతికి కాగితం కడియం కట్టి లోపలికి పంపారు. షెడ్డు మీద సోలారు పలకలు, వాననీళ్లకు గుంత, తీగల కింద గడ్డి మేస్తూ గొర్రెలు, నత్తలను ఏరుకు తినే బాతులు. మందులు కొట్టరని, వైను తీసాక మిగిలిన తొక్కలు ఆవులకు, ఎరువుకు పోతాయని, ఒక్క గింజ కూడా పారేయరని అక్కడి అమ్మాయి ఓపిగ్గా చెప్పింది. మనసులోనే ఆమెకు దండం పెట్టుకున్నాను. మట్టిని ఇలా చూసుకునేవాళ్లు ఈ దిక్కున ఇంకా ఉన్నారు. పిల్లలు పాలసీసాలతో మేకపిల్లలకు పాలు పడుతున్నారు. చెక్కతొట్లో ద్రాక్ష పోసి, కాళ్లు కడిగించి తొక్కిస్తున్నారు. మా పిల్ల మోకాళ్ల దాకా ఎర్రగా చేసుకుని కేకలు పెట్టింది. మధ్యలో గాలి ఫ్యాక్టరీల వైపు నుంచి తిరిగి, ముక్కు మండే వాసన వచ్చి పోయింది.   తీగ పక్కన బండ మీద కూర్చుని, తెలియకుండానే కొమ్మ మీద వేలు పెట్టాను.

"అమ్మమ్మా, ఏం లెక్కబెడ్తున్నవ్?" అంది పిల్ల.

చేయి వెనక్కి తీసుకుని, పిల్లను మేకల దగ్గర వదిలి, రొట్టెల పాక దగ్గరికి నడిచాను. యాదమ్మ కట్టెల పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతోంది.

"నీకొక మాట చెప్పాలె యాదమ్మా."

"చెప్పక్కా. చేతులే పిండిల ఉన్నయ్, చెవులు ఖాళీగనే ఉన్నయ్."

చెప్పాను. సున్నపు చుక్కలు, రెండు సాళ్లు, మేక, "పెట్టిన తాతా" అన్న మాట. ఆమె రొట్టెను పెనం మీద వేసింది, తడి గుడ్డతో రాసింది, తిరగేసింది. రొట్టె ఎక్కడా మాడలేదు. దించాకే నా వైపు చూసింది.

"నాయినను దవాఖానల సూపిచ్చినమక్కా. కండ్లు మంచిగనే ఉన్నయన్నడు డాక్టరు. నాయిననే నమ్మలే. బువ్వ తింటుంటె గూడ గిన్నె ఏడుందో రెండుసార్లు తడిమి సూస్కునేటోడు. సచ్చేదాక తన చేతుల మీద తనకే నమ్మకం లేకుండె."

"నేను చిన్నదాన్ని యాదమ్మా."

"గప్పుడు చిన్నదానివే. తర్వాత పెద్దగయినవ్ గద."

 మాఫీ చెయ్యమన్నాను. ఆమె పిండి చేతులు దులుపుకుంది.

"నేనెవరిని మాఫీ చెయ్యనీకి? నాకొక్కదానికి జెప్తే ఏం ఫాయిదా అక్కా? నాయినను నలుగురిల గుడ్డోడన్నరు. నువ్వు పత్రికలల్ల రాస్తవ్ గద. నలుగురిల జెప్పు."

అంతలో ఎవరో ఆడపిల్లలు వచ్చి తామూ రొట్టె చేస్తామన్నారు. "రాండ్రి బిడ్డా, చేతులు కడుక్కోని రాండ్రి" అని వాళ్లకు పీటలు వేసింది. దించిన రొట్టెను విస్తరాకులో పెట్టి, నా వైపు చూడకుండానే నా చేతికిచ్చింది. నేను అక్కడే కూర్చుని తిన్నాను.

భానూరు దారిలో ఇప్పుడు ఆ పందిరి లేదు, కడీలు లేవు, పూత వాసన లేదు. రేకుల షెడ్లు, కాంక్రీటు, రోజంతా లారీలు. అక్కడ ద్రాక్ష పండిందని చెప్పినా నమ్మేవాళ్లు తక్కువ. ఆ తోటలో పనిచేసి ఇంకా మిగిలినవాళ్లు ఎవరైనా ఇది చదివితే, చదవలేని మీ ఇంటి పెద్దలకు దయచేసి చదివి వినిపించండి. ఆ ఏడాది రెండు సాళ్లు కాయకపోవడం ఎల్లయ్య చూపు వల్ల కాదు. మేస్త్రీ కూతురు చుక్క తప్పుచోట పెట్టింది, పెట్టి అబద్ధం చెప్పింది. ఆయన ఆ చుక్క మీదే, వెంట్రుకవాసి అటూ ఇటూ కాకుండా కోశాడు. దేవుడి దగ్గర దీపం పెట్టుకునేవాళ్లు మీ వాళ్లతో పాటు ఆయన పేరు కూడా ఒకసారి తలుచుకోండి. ఆయన పేరు గుడ్డెల్లయ్య కాదు. ఎల్లయ్య.