బడి మూసేసిన ఐదేళ్లు

మా అమ్మాయి ఐదో తరగతిలో ఉన్నప్పుడు బళ్లో ఒక పిల్లల నవల చదివించారు. అమెరికాలో నల్లజాతివాళ్లు హక్కుల కోసం పోరాడిన రోజుల్లో ఒక కుటుంబం కథ. చదివాక, ఆ కాలం చూసినవాళ్లనెవరినైనా అడిగి రాసుకురమ్మన్నారు. మా ఆయన కాంట్రాక్టు పని మీద డాలస్‌లో ఉండేవారు. ఇక్కడ వర్జీనియాలో, షాంటిలీలో ఇల్లూ, పిల్లా, ఉద్యోగమూ నా ఒక్కదాని మీదే. ఒంట్లో ఓపిక లేదు.

"మనకెవరు తెలుసమ్మా? నువ్వే ఏదో ఒకటి రాసెయ్," అన్నాను.

"అది చీటింగ్ కదా మమ్మీ," అంది.

ఆ శనివారం ఆఫీసులో పనిపడి దాన్నీ తీసుకెళ్లాను. కింద సెక్యూరిటీ డెస్కు దగ్గర ఒక నల్లజాతి పెద్దాయన కూర్చునేవారు. ఆరేళ్లుగా గుడ్‌మార్నింగ్ తప్ప ఆయనతో మరో మాట మాట్లాడలేదు. దాని చేతిలో పుస్తకం చూసి ఏం చదువుతున్నావని ఆయనే పలకరించారు. అది సంగతంతా చెప్పి, "అప్పుడు మీరున్నారా?" అని ఇంగ్లీషులో అడిగేసింది. నాకు ఇబ్బందిగా అనిపించింది. ఆయన మాత్రం దానికి కుర్చీ జరిపారు.

వాళ్లది వర్జీనియాలోనే పొగాకు పండే ఊరట. నల్లపిల్లల్నీ తెల్లపిల్లల్నీ కలిపి కూర్చోబెట్టాలని కోర్టు చెబితే, అక్కడి అధికారులు ప్రభుత్వ బళ్లన్నీ మూసేశారు. తెల్లవాళ్లు తమ పిల్లలకి వేరే బడి పెట్టుకున్నారు.

"నాకప్పుడు ఏడేళ్లు. మళ్లీ తెరిచేసరికి పన్నెండు, ఇక నేను బడికి వెళ్లలేదు. అక్కని చదువు కోసం వేరే రాష్ట్రంలో చుట్టాలింటికి పంపారు. ఇద్దర్నీ పంపలేక నన్ను పొలంలో ఉంచుకున్నారు."

"అక్కతో మాట్లాడేవారా?" అని అడిగింది మా అమ్మాయి.

"ఉత్తరాలు రాసేది. నాకు చదవడం రాదు. అమ్మ చదివి వినిపించేది. తను తిరిగొచ్చాక మాట తీరే మారిపోయింది. మా ఇంట్లోనే చుట్టంలా కూర్చునేది."

తర్వాత చదువెవరు నేర్పారని అడిగితే, "పెళ్లయ్యాక మా ఆవిడ," అన్నారు.

నేను పైకి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. చేసిన పనే మళ్లీ మళ్లీ చేశాను. కిందికి వచ్చేసరికి అది నాలుగు పేజీలు నింపింది. ఆయన ఆ నవల అడిగి తీసుకున్నారు. మూడు వారాలకి తిరిగిచ్చారు.

"బాగుందా?" అని అడిగాను.

"ఇందులో అందరూ ఒకే ఇంట్లో ఉన్నారమ్మా," అన్నారు, అంతే.

ఆ వేసవిలో సెక్యూరిటీ కంపెనీ మారింది, ఆయన కనబడలేదు. ఎక్కడికి వెళ్లారో కనుక్కుందామనుకుంటూనే ఉన్నాను. ఈలోగా ప్రాజెక్టు ముగిసి నేనూ ఆ ఆఫీసు వదిలేశాను.