చేపకన్ను అంచున

మా ఇబ్రహీంపట్నంలో ఫొటోలు తీసేవాళ్లం ఫిష్ ఐ కన్వర్టర్‌ని చేపకన్ను అంటాం. అసలు ఫిష్ ఐ లెన్స్ కొనాలంటే ముందు కెమెరా అమ్ముకోవాలి. అంత స్తోమత లేని నాలాంటివాళ్లు, ఉన్న లెన్స్ ముందు మర తిప్పి బిగించుకునే ఈ ఉబ్బుగాజుతో సరిపెట్టుకుంటారు. బిగిస్తే గది గదంతా గుండ్రంగా ఒకే ఫొటోలోకి వస్తుంది. నడుమ ఉన్నవాడి ముక్కు పెరుగుతుంది, అంచున ఉన్నవాడు సాగిపోతాడు. చుట్టూ నల్లటి వలయం. ఏమరుపాటుగా ఉంటే తీసేవాడి వేళ్లు, చెప్పులు కూడా అందులో పడతాయి.

నా భార్య కడుపుతో ఉన్నప్పుడు కోఠికి పోయి సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. మా నడిమింటి గది బాగా ఇరుకు. పుట్టిన బిడ్డను తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేసేనాడు చుట్టూ చేరే ఆడవాళ్లు ఏ లెన్స్‌కీ పట్టరు. నేను గోడకు వీపు ఆనించినా ఇద్దరు ముగ్గురు తెగిపోతారు. ఊళ్లో ఎంతమంది పిల్లలకో అలా తెగిన ఫొటోలే తీసి ఇచ్చాను, తిట్లూ తిన్నాను. నా బిడ్డ ఫంక్షన్‌లో మాత్రం గదిలో ఉన్న ఒక్కరూ తెగకూడదని పంతం.

చేపకన్ను డబ్బా చూసి నా భార్య పకపకా నవ్వింది. "ఆలుంది, చూలుంది, ఇగ సోమలింగమొక్కడే తక్కువ నీకు" అంది.

సోమలింగం కాదు, ఆడపిల్ల పుట్టింది. కానీ నెలలు నిండకుండా పుట్టింది. పట్నం దవాఖానలో గాజుపెట్టెలో పెట్టారు. ఒకే ఒక్కసారి బయటికి తీసి తల్లి చేతికిచ్చారు. ఆమెకు ఎత్తుకోవడం చేతకాలేదు. "మెడ నిల్వదమ్మా, మెడ కింద చెయ్యి వెట్టు. రెండు చేతులతోని పట్టుకో" అని నర్సు నేర్పింది. అంతే, మళ్లీ ఎత్తుకునే అవసరం రాలేదు. బిడ్డ దక్కలేదు.

చేపకన్ను డబ్బా సజ్జ మీదికి పోయింది. కొంగరకలాన్ వైపు ప్లాట్లు వేసేవాళ్లు, ఇంత జాగా అంత పెద్దగా కనపడేలా తీసిపెట్టమని వెంటపడేవారు. అలాంటి గాజు నా దగ్గర లేదని అబద్ధమాడేవాణ్ని. ఇంట్లో బిడ్డ మాట ఎవరమూ ఎత్తలేదు. ఆమె మరిచిపోతోంది కదా, కెలకడం ఎందుకని నేను ఊరుకున్నాను. ఆమె ఎందుకు ఊరుకుందో నేను అడగలేదు.

తరువాత నా తమ్ముడికి కూతురు పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్టెల, అదే నడిమింట్లో. ముందురోజు అమ్మ నన్ను పెరట్లోకి పిలిచి, "మనసుల వెట్టుకోకు బిడ్డా, నీ పెండ్లాన్ని తొట్టెల ముట్టనియ్యకు. ఒక కడుపు కాలినామె" అంది. నాకు ఒళ్లు మండింది. నువ్వూ ఒక ఆడదానివేనా అని గట్టిగానే అన్నాను. ఆ గొడవ లోపలికి వినపడినట్టుంది. నేను వచ్చేసరికి నా భార్య స్టూలెక్కి సజ్జ మీది డబ్బా దించి, కొంగుతో దుమ్ము తుడుస్తోంది.

"నేను నీ పక్కకు నిలవడి లైటు పట్టుకుంట. తొట్టెల ముట్ట. ఎవరేమంటరు?" అంది. డబ్బా నా చేతిలో పెట్టి, "గిందుకే గద కొన్నవ్. తియ్యి" అంది.

మా ఇళ్లల్లో తొట్టెలలో ముందుగా బిడ్డను వెయ్యరు. మసాలా నూరే సన్నెకల్లు పొత్రం ఉంటుంది కదా, ఆ నిడుపాటి రాయికి పసుపు గుడ్డ చుట్టి, కాటుక బొట్టు పెట్టి, దాన్ని పడుకోబెట్టి ఊపుతారు. పాట కూడా పాడతారు. దిష్టి ఏదైనా ఉంటే ఆ రాయికే పోతుందని. రాయిని తీసేశాకే బిడ్డ వంతు.

ఆ రోజూ అంతే. నేను చేపకన్ను బిగించి గోడకు ఆనుకున్నాను. నా ఎడమ పక్కన ఆమె, స్టాండుకున్న లైటును ఎత్తి పట్టుకుని. పాట అయింది. అమ్మ పొత్రాన్ని తీసింది. మా మరదలి చేతుల్లోంచి పసిదాన్ని అందుకోవాలి, చేతిలో రాయి అడ్డం. అటూ ఇటూ చూసి, "జర గిది పట్టుకో పిల్లా" అని నా భార్యకు ఇచ్చేసింది. తొట్టెల ముట్టొద్దన్న మనిషే! అప్పుడు అమ్మకు ఆ ఆలోచనే లేదు, కళ్లన్నీ మనవరాలి మీదే.

బిడ్డను తొట్టెలలో వేసి పేరు పిలిచే ఆ క్షణమే నాకు కావలసిన ఫొటో. సరిగ్గా అప్పుడే లైటు పక్కకు వాలింది. కెమెరా మీది నుంచి కన్ను తీయకుండానే "లైటు!" అని కసిరి, మీట నొక్కాను.

మర్నాడు మధ్యాహ్నం బస్టాండు దగ్గరి మా స్టూడియోలో కంప్యూటర్ మీద ఫొటోలు తెరిచాను. ఆల్బమ్ పేజీలు పేర్చే పని ఆమెదే, నా పక్కన కూర్చుంది. ఆ ఫొటో వచ్చింది. నడుమ పసిదాని ముఖం బంతిలా ఉబ్బి ఉంది. చుట్టూ ఆడవాళ్లంతా ఉన్నారు, ఒక్కరూ తెగలేదు. ఎడమ అంచున, నల్ల వలయాన్ని ఆనుకుని, నా భార్య. తాను ఫొటోలో పడతానని ఆమెకు తెలియదు, నాకూ తట్టలేదు. ఆమె తొట్టెల వైపు చూడటం లేదు. పసుపు గుడ్డలోని రాయిని భుజానికి ఆనించుకుని, తల వంచి దాన్నే చూస్తోంది.

ఆమె మరిచిపోతోందని ఇన్నాళ్లూ ఎలా అనుకున్నానో నాకే తెలియదు. "అంచులెట్లయిన కోసేస్తం గద, కోసేస్త" అన్నాను.

"ఆగు" అంది. "జర పెద్దగ చెయ్యి."

చేశాను. చవక గాజు, అంచులు అలికినట్టే వస్తాయి. ఆమె ముఖం సాగి, మసకబారి గుర్తుపట్టేలా లేదు. తన ముఖం కోసం ఆమె చూడనేలేదు. తెర మీద వేలు పెట్టి, గుడ్డలోని రాయి పైకొన చూపించింది. దాని కింద ఆమె అరచెయ్యి ఉంది.

"మెడ కింద చెయ్యి వెట్టిన, చూడు" అంది. "గందుకే లైటు ఇడిసిన."