ఏ వీధి బిడ్డ?

మైదుకూరులో మా ఎదురింటి డాక్టరుగారు మొన్న మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. ఎందుకు పోయారో ఎవరికీ అంతుపట్టడం లేదు. చూడకుండానే కారణం చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి ఆయనే. ఊరికి తీరని లోటు.

మదరాసులో చదివి వచ్చిన ఆ మహానుభావుడి మేధస్సును, కడపలో బి.ఏ. పాసయి ఖాళీగా తిరిగే నాబోటివాడు కొలవడం సాహసమే. సాహసిస్తున్నాను. జ్వరమూ దగ్గూ ఏమీ లేని పసిబిడ్డ నిద్రలోనే ప్రాణం విడిస్తే మామూలు డాక్టర్లు తల గోక్కుంటారు. ఈయన బండి కూడా దిగేవారు కాదు. "ఏ వీధి బిడ్డ?" అని అడిగేవారు. అంతటితో రోగం తేలిపోయేది. బోయవీధి అయితే తల్లి కల్లు తాగి బిడ్డ మీద పొర్లింది. హరిజనవాడ అయితే రక్తంలోనే సత్తువ లేదు. దూదేకులవాళ్ళ ఇల్లయితే దూదిపీచు ముక్కులో దూరింది. తమ కులంవాళ్ళ ఇల్లయితే మాత్రం దైవనిర్ణయం.

"రోగం గడప దగ్గర నిలబడి కులం అడిగి లోపలికొస్తుందా అండీ?" అన్నాను ఒకసారి, ఉండబట్టలేక.

"ఒక్కో జాతి ఒళ్ళు ఒక్కో తీరుగా ఉంటాదప్పా. నువ్వు చదివింది చరిత్ర. గమ్మునుండు."

గమ్మునున్నాను. వైద్యంలో నాకు దొరికిన ఏకైక పాఠం అదే, కృతజ్ఞుణ్ణి.

పరుపులు కుట్టే మస్తానమ్మ మొదటి బిడ్డ అలాగే నిద్రలో పోయింది. దూది, అన్నారు బండిలోంచే. ఆ మాట పట్టుకుని మస్తానమ్మ అత్త, రెండోవాడు పుట్టగానే వాణ్ణి పక్కవీధిలో తన కూతురింట్లో పెట్టింది. మస్తానమ్మ పోయి పాలివ్వవచ్చు, పక్కలో వేసుకోకూడదు. పాలిచ్చి ఉత్తచేతులతో తిరిగొచ్చేది.

అంతలో పురిటికొచ్చిన డాక్టరుగారి కూతురి బిడ్డ, మేడమీద తేకు ఉయ్యాలలో, అలాగే పోయాడు. ఆయన వెక్కివెక్కి ఏడ్చారు. ఆ ఏడుపును నేను ఎగతాళి చేయను. ఆ తర్వాత అన్న మాటను చేస్తాను.

కొన్నాళ్ళకు మస్తానమ్మ వచ్చి వాళ్ళ మెట్ల కింద నిలబడింది.

"సామీ, మీ ఇంట్లో దూదీ లేదు, కల్లూ లేదు. బిడ్డ ఎట్ల పాయె?"

"దైవనిర్ణయమమ్మా."

"ఆ దేవునికి మా ఇల్లు యాడుండాదో తెలీదా సామీ? నా బిడ్డ నా వల్ల సావలేదని మా అత్తకు ఒక్క మాట చెప్పండి. నా పిల్లోన్ని నాకిస్తాది."

"మీవాళ్ళ సంగతి వేరేలేమ్మా," అని ఆయన చుట్ట వెలిగించుకున్నారు.

బిడ్డలు ఎందుకలా పోతున్నారో నాకూ తెలియదు. 'తెలియదు' అనే మాట ఒకటుందని మదరాసులో ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. ఆ ఒక్క మాట అని ఉంటే ఒక తల్లి ఒడి నిండేది. అనకుండానే వెళ్ళిపోయారు.

ఆయన పోయిన మర్నాడు పొద్దున్నే మస్తానమ్మ ఆడబిడ్డ ఇంటికి పోయి పిల్లవాణ్ణి ఎత్తుకొచ్చేసింది.

"డాక్టరయ్య దూది కాడ వద్దన్న్యాడు గదే!" అని అత్త కేకలేసింది.

"పోయి ఆయప్పనే అడుగు పో."

ఆ సాయంత్రం పాడె దూదేకుల వీధి మీదుగా వచ్చింది. పూలు, తప్పెట్లు, వెనక నేను. వీధంతా లేచి నిలబడింది.

"లేయ్యే, డాక్టరయ్య పోతాండాడు," అంది అత్త.

మస్తానమ్మ లేవలేదు. ఒడిలో పిల్లవాడు నిద్రపోతున్నాడు. వాడి చిన్న రొమ్ము పైకీ కిందికీ ఆడుతుంటే దాన్నే చూస్తూ కూర్చుంది. తప్పెట్లు గుమ్మం దాకా వచ్చి, దాటిపోయినా, తల ఎత్తలేదు.