మిరపకాయల మధ్య మా పరుగుల దారి

మబ్బు పట్టినప్పుడు గేటు తీశావు. పిల్లల చేత నీ మిరపకాయల మీద పట్టలు కప్పించుకున్నావు. వాన వెలిశాక వాళ్ళని బయటికి తోలి మళ్ళీ తాళం వేశావు... ప్రభాకర్, నువ్వు చేసిన పని ఇది. ఊరి గ్రౌండు అది. నీ పెరడు కాదు.

మా చిన్నప్పుడు... కోతలు మొదలైతే ఫుట్‌బాల్ గ్రౌండంతా ఎర్రగా అయిపోయేది. రైతులంతా అక్కడే కాయ ఆరబోసేవాళ్ళు. మాకు మిగిలేది నడుమ ఒక్క దారి... ఈ గోలు నుంచి ఆ గోలు దాకా, ఇద్దరు పక్కపక్కన పట్టేంత.

ఆ దారిలోనే ఏసోబు మాస్టారు మాకు పరుగు నేర్పారు. ఆదివారం చర్చిలో పాటలు చెప్పేది ఆయనే, సాయంత్రం విజిలేసేది ఆయనే. బోర్లా పడుకోబెట్టేవారు, వెనక్కి తిరిగి కూర్చోబెట్టేవారు... విజిల్ వినపడగానే లేచి దూకాలి.

"ఆటలో వంద మీటర్లు నిన్నెవడు పరిగెత్తనిస్తాడ్రా? మొదటి నాలుగంగల్లోనే బంతి ఎవడిదో తేలిపోద్ది!"

కాళ్ళకి బూట్లు లేవు. అడుగు పక్కకి పడితే కాయ చితికేది. చితికిందా... ఆ పక్క కాయంతా తిరగేసి రావాలి. అదే చేత్తో చెమట తుడుచుకున్నవాడి ఏడుపు చర్చి దాకా వినపడేది.

మబ్బు పడితే మాస్టారి విజిల్ ఆగకుండా మోగేది. పట్ట కొస భుజాన వేసుకుని పరుగు. గాలికి ఉబ్బి అది వెనక్కి లాగేది, మేం ముందుకి లాగేవాళ్ళం... అలా పరిగెత్తిన కాళ్ళు మ్యాచ్‌లో ఆగుతాయా?

మీ నాన్న వెంకయ్య గారే ఒకసారి కేకలేశారు.

"ఏంది మాస్టారూ, ఈ పిల్లకాయలు కాయంతా తొక్కేస్తన్నారు! దారి మూసేస్తా!"

"మూసేయండి వెంకయ్య గారూ. మబ్బు పట్టినప్పుడు పట్టలన్నీ మీరూ నేనూ లాగుదాం. నాకసలే మోకాళ్ళ నొప్పులు."

అందరూ నవ్వారు. మీ నాన్నా నవ్వారు. మర్నాడు ఆయనే దారికి రెండు పక్కలా సున్నంతో గీత గీశారు. అప్పట్నుంచి ప్రతి కోతకీ ఎవరో ఒక రైతు ఆ గీత గీసేవాడు. గీత దాటి ఎవరూ కాయ పోసేవాళ్ళు కాదు.

ఆ గీతల మధ్య నువ్వూ పరిగెత్తావు. కళ్ళల్లో కారం పడి గోల పెడితే షరీఫ్ కదరా నిన్ను బోరింగ్ దాకా మోసుకెళ్ళింది? మాస్టారు పోయాక ఆ షరీఫే పిల్లలకి నేర్పుతున్నాడు. పగలంతా కుట్టు మిషన్, సాయంత్రం విజిల్. నేను కోల్డ్ స్టోరేజీలో మిరప బస్తాలు, అవే టిక్కీలు, మోసి, ఆ ఒళ్ళునొప్పులతోనే వచ్చి వాళ్ళతో పరిగెత్తుతాను.

ఈ ఏడు గ్రౌండు కమిటీకి నువ్వు పెద్దవయ్యావు. దారి మీద కూడా నీ కాయ పోసి తాళమేశావు. వచ్చే బుధవారం ఒంగోలులో జిల్లా ఫుట్‌బాల్ జట్టు ఎంపికలు. మన ఊరి ఆడపిల్లలు వెళ్ళడం ఇదే మొదలు. వాళ్ళు తారు రోడ్డు మీద ఆటోలని తప్పుకుంటూ పరుగు నేర్చుకుంటున్నారు. అడిగితే ఏమన్నావు?

"సీజనైపోయాక చూద్దాంలేరా... పిల్లలేగా!"

మరి మొన్న మబ్బేస్తే, "ఒరేయ్ మోషే, పిల్లల్ని పంపరా, కొంప మునిగిద్ది!" అని నాకు ఫోన్ చేసింది ఎవరు?

పిల్లలు వచ్చారు. దారి లేక కాయ మీదే నడిచారు, అరికాళ్ళు మండుతున్నా. పట్టలన్నీ కప్పారు. వాన వెలిశాక షరీఫ్ కూతురు హసీనా అడిగింది... "బాబాయ్, గోలు ముందర కాస్త చోటుందిగా, ఒక్కసారి పరిగెత్తి పోతాం."

"ముందు బయటికి నడవండి" అన్నావు. దాని అరికాళ్ళకి నీ మిరప గింజలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

అప్పుడు ఊరందరి కాయ మధ్య మాకు చోటుండేది... ఇప్పుడు నీ ఒక్కడి కాయకే ఊరి గ్రౌండు చాలడం లేదు.

ఆ దారిలో పరిగెత్తినవాళ్ళూ, సున్నం గీత గీసినవాళ్ళూ... మీకు గుర్తున్నది కింద రాయండి. ప్రభాకర్ కూడా చదువుతాడు.

గ్రౌండంతా అడగడం లేదురా. దారి మీద కాయ ఎత్తెయ్. మీ నాన్న గీసిన చోటే గీత గియ్యి. లేదంటే ఈసారి మబ్బు పట్టినప్పుడు పట్ట ఒక కొస నువ్వే పట్టుకో, రెండో కొస పట్టేవాళ్ళని వెతుక్కో.

ఆదివారం చర్చి వదిలేలోపు ఈ పోస్టు కిందే చెప్పు... దారి ఇస్తావా, ఇవ్వవా?