నింగమ్మ నీళ్ల ట్రాలీ

రూపనగుడి బస్‌స్టాపు పక్కన ఇరవై ఆరేళ్లుగా సైకిళ్లు బాగుచేస్తున్నాను. ఈ ఊళ్లో నా చెయ్యి పడని సైకిలు లేదు. అలాంటిది, నింగమ్మ తన సైకిలు వెనక ట్రాలీ కట్టుకుంటూ నన్ను ఒక్క మాట అడగలేదంటే ఒళ్లు మండదా?

ఆమెది ఇంటింటికీ మంచినీళ్ల క్యాన్లు వేసే పని. కూతురికి బడిలో ఇచ్చిన సైకిలు మీద ఒక్క క్యానే పట్టేది. విరిగిన ఇనుప మంచం కోయించి చట్రం చేసిందట. పాత ఇనుప సామాన్లు అమ్మే గుజరీ అంగడిలో మోపెడ్ చక్రాలు ఏరుకొచ్చిందట. బోరు పైపు ముక్క వంచి సైకిలుకు తగిలించిందట. ఇప్పుడు ఒక్క విడతకు నాలుగు క్యాన్లు!

రోజూ కబుర్లకు వచ్చే హొన్నూరప్ప నా అంగడి బల్ల మీదే కూర్చుని, నేను తెప్పించిన టీ తాగుతూ, "ఏం తలకాయప్పా ఆయమ్మది! ఇంజినీరు గూడా యాడ సరిపోతాడు?" అన్నాడు. మరి నాది తలకాయ కాదా? అసూయే. దాచడమెందుకు?

ఒకరోజు ఆమె గాలి కొట్టించుకోవడానికి వచ్చింది. పంపు కొడుతూనే లోపం ఎక్కడుందా అని వెతికాను. దొరికింది. క్యాన్ల బరువంతా ఇరుసుకు వెనక పడుతోంది. దాంతో ముందు పైపు పైకి తన్ని, సైకిలు వెనక చక్రాన్ని లేపుతుంది. చదును రోడ్డు మీద ఫరవాలేదు. దిగుడులో మాత్రం బ్రేకు వేసినా ఆగదు. ఇరుసును జానెడు వెనక్కి జరిపితే చాలు, అరగంట పని.

"ఎట్లుండాది గురుస్వామప్పా?" అని మురిసిపోతూ అడిగింది.

"శానా చెన్నాగుండాదమ్మా" అన్నాను. పడితే గానీ బుద్ధి రాదులే అనుకున్నాను. అవును, అలాగే అనుకున్నాను.

నాలుగో రోజు కాలువ గట్టు దిగుతూ పడింది. అరుపులు విని నేనే ముందు పరుగెత్తాను. క్యాన్లు పగిలి గట్టంతా నీళ్లు. ఆమె ఎడమ చెయ్యి విరిగింది.

కట్టు కట్టించుకుని మర్నాడు అంగడికి వచ్చింది. అప్పటికే నేను గట్టు మీది ట్రాలీని తెచ్చుకుని, ఇరుసు వెనక్కి జరిపి బోల్టులు బిగిస్తున్నాను. చుట్టూ నలుగురు చేరారు.

"గురుస్వామి చెయ్యి పడినాక ఇంగ భయం లేదప్పా!" అన్నాడు హొన్నూరప్ప. ఈ ఒక్క మాట కోసమే ఇన్నాళ్లూ కుళ్లిపోయాను. ఇప్పుడు తలెత్తలేకపోయాను.

నింగమ్మ నా పక్కనే చతికిలబడింది.

"తప్పు నాదేనప్పా, నిన్ను అడక్కుండా చేస్కుంటి. ఆ పొద్దు గాలి కొట్టేటప్పుడు నువ్వు సరిగా చూసుండవు. చూసింటే చెప్పకుండా ఉంటావా?"

"చూళ్లేదమ్మా" అన్నాను.